పాల వ్యాను మీద సబ్బు నురగ

ఫలక్‌నుమా,
నవంబరు 16, ఆదివారం.

చిరంజీవి స్రవ్యకు,

మీ అమ్మ దీవించి రాయునది. ఇక్కడ నేను, నానమ్మ, మిగిలిన రెండు బర్రెలు, నీ వ్యాను, అందరం క్షేమం. అక్కడ నువ్వు, నీ స్నేహితురాలు పూజిత, మీ సముద్రం కూడా క్షేమమని తలుస్తాను. నానమ్మ మోకాళ్లు మాత్రం చలికి మొరాయిస్తున్నాయి. ఆమె నోటికి ఏ చలీ లేదు.

నీ ఉత్తరం అంది పది రోజులైంది. పోస్టుమ్యాన్ కవరు చేతికిస్తూ, ఇది కోర్టు కాగితమేమోనని నా ముఖం వైపు జాలిగా చూశాడు. ఈ రోజుల్లో చేత్తో రాసిన ఉత్తరం ఎవరికి వస్తుంది? లోపల వ్యాను బొమ్మ, మంచాల కొలతలు, ఎర్ర పెన్సిలుతో చుక్కలు పెట్టిన తీరం పటం చూసి నానమ్మ "ఏంది, లగ్నపత్రికనా?" అని అడిగింది. కాదన్నాను. "అయితే జర సేపైనంక సదువు," అని అటు తిరిగి పడుకుంది.

ఫోన్ చేస్తే అయిపోయేదానికి పది రోజులు ఆగి ఇన్ని కాగితాలు ఎందుకు ఖరాబు చేస్తున్నానో చెబుతాను. ఫోన్‌లో నీ గొంతు వినగానే నా నోరు అలవాటైన దారిలోనే పోతుంది. చేయి అట్లా కాదు. తప్పు రాస్తే కొట్టేసి మళ్లీ రాస్తుంది. నేను మాట్లాడేది ఒక తీరు, రాసేది ఒక తీరు అని నువ్వు నవ్వుతుంటావు. ఏం చేయను, 'వచ్చిన, పోయిన' అని రాస్తే మా తెలుగు సారు స్కేలు నిలువుగా పట్టుకొని వేళ్ల మీద కొట్టేవాడు.

నువ్వు నాలుగు ప్రశ్నలు అడిగావు. నాలుగోది, "అమ్మా, ఈ చలికాలం వ్యాను నువ్వే నడుపుతావా? వైజాగ్ నుంచి రామేశ్వరం దాకా మాతో వస్తావా?" అన్నది. దానికి జవాబు ఈ ఉత్తరం చివర ఉంటుంది. నిజానికి ఆ జవాబు నేను చెప్పేది కాదు, ఇదంతా చదివాక నువ్వు చెప్పాల్సింది. ముందే చివరి కాగితం తిప్పకు. నీకు ఆ అలవాటు ఉంది.

మొదటి ప్రశ్న, అలల మీద నిలబడే నీ తొమ్మిదడుగుల బోర్డు వ్యానులో పడుతుందా అని. పడుతుంది. మీ నాన్న ఉన్ననాటి నుంచీ మన బండికి వైద్యం చేస్తున్న మొయిన్ భాయ్ షెడ్డులోనే, స్టేషన్ వెనక, పని జరుగుతోంది. బండిలో మంచం, పొయ్యి పెట్టాలంటే మొదట ఆయన నవ్వాడు. "ఇంట్ల బండి పెట్టుకునేటోళ్లను చూసిన గని, బండిల ఇల్లు కట్టుమనేటోళ్లను నిన్నే చూస్తున్న బెహన్," అన్నాడు. నీ బొమ్మ నాలుగుసార్లు తిప్పి చూశాక నవ్వు పోయి పంతం వచ్చింది. ఇప్పుడు నాకంటే ఆయనకే తొందర ఎక్కువ.

వెనక తలుపు నుంచి డ్రైవరు వీపు దాకా పదడుగుల రెండంగుళాలు ఉంది. పాల క్యాన్లు దొర్లకుండా కట్టే పట్టీలు ఉన్నాయి కదా, వాటినే పైకప్పుకు బిగించి బోర్డులు రెండూ పడుకోబెడతాడట. "పాలను ఒక్క చుక్క ఒలకనియ్యని పట్టీలు, చెక్కను వదుల్తయా? ఫికర్ నక్కో," అన్నాడు. కింద మీ ఇద్దరికీ చెక్క మంచం. మంచం కింద పొయ్యి, గిన్నెలు. నీళ్లకు మన నలభై లీటర్ల క్యాన్లు రెండు. బండి రూపం మార్చినందుకు ఆఫీసులో రాయించాల్సిన కాగితాల కోసం కూడా ఆయనే తిరుగుతున్నాడు. మూడో మనిషికి ముందు సీటు వెనక్కి వాలేటట్టు చేశాడు. ఆ మూడో మనిషి ఎవరన్నది తర్వాత.

రెండోది, పాల వాసన పోయిందా అని. సగం పోయింది. వేడినీళ్లు, సోడా పోసి రెండు రోజులు కడిగాను. తర్వాత ఇంట్లో ఉన్న సబ్బు పొడి ప్యాకెట్లు పదకొండు చించి పోసి ఇంకో రోజు రుద్దాను. ఎండలో బండి తలుపు మూసి తీస్తే ఇంకా ఒక పలచటి పెరుగు వాసన వస్తూనే ఉంది. పదహారేళ్లు పాలు మోసిన బండికి ఆ మాత్రం గుర్తు ఉండనీ. మన ఇంట్లో పదకొండు సబ్బు పొడి ప్యాకెట్లు ఎందుకున్నాయని నీకు అనుమానం వచ్చి ఉంటుంది. దానికీ వస్తాను.

తుఫానుల సంగతి నువ్వు అడగలేదు కానీ నేను అడుగుతున్నాను. డిసెంబరులో ఆ తీరమంతా వానలని రేడియో, టీవీ అన్నీ చెబుతాయి. అందరూ సముద్రం దగ్గరికి పోవద్దనే కాలంలోనే మీకు అలలు బాగుంటాయని రాశావు. లోకానిదొక దారి, ఉలిపికట్టెదొక దారి. అయినా నువ్వు రాసిన మూడు నియమాలు చదివాక మనసు కొంచెం కుదుటపడింది. హెచ్చరిక జెండా ఎగిరితే నీళ్లలోకి దిగేది లేదు, చీకట్లో బండి నడిపేది లేదు, ఒక్కరే అలలోకి పోయేది లేదు. నాలుగోది నేను కలుపుతున్నాను, తడి తలతో పడుకునేది లేదు.

ఇక మూడో ప్రశ్న. "రంగు సముద్రంలా వేయించు అమ్మా, మీద ఏం రాయించాలో నీ ఇష్టం," అన్నావు. నా కొంప ముంచింది ఈ ప్రశ్నే.

దీనికి నాలుగేళ్ల వెనక్కి పోవాలి. నువ్వు హోటల్ ఉద్యోగం వదిలేసి, అలల మీద నిలబడటం నేర్చుకుంటానని వైజాగ్ పోయిన ఏడు, బోనాల నాడు ఎదురింటి ఎల్లమ్మ నన్ను అడిగింది. చుట్టూ మన గల్లీ ఆడవాళ్లు పదిమంది ఉన్నారు.

"లలితా, బిడ్డ కనబడ్తలేదు. ఏం చేస్తున్నది వైజాగుల?"

"సర్ఫింగ్," అన్నాను. వేరే మాట నాకు తెలియదు.

"సర్ఫా? సబ్బు పొడి కంపెనీలనా? మంచిగైంది పో. పర్మినెంటేనా?"

స్రవ్యా, అప్పుడు నేను 'కాదు' అనాలి. సముద్రం, అల, బోర్డు అని చెప్పాలి. ఎల్లమ్మ ముఖం వెలిగిపోతోంది. పక్కనున్న వాళ్లు 'అబ్బ' అంటున్నారు. నేను "ఆ," అన్నాను. అంతే, ఒక్క 'ఆ'.

ఆ 'ఆ' ఊరుకోలేదు. వారం తిరగకుండా నువ్వు కంపెనీలో ఆఫీసరువి అయ్యావు. పండుగకు వచ్చినప్పుడు నీ రంగు చూసి "గంత నల్లగైందేంది?" అన్నారు. ఊరూరా తిరిగి పొడి అమ్మించే పని, ఎండకు తిరుగుతుందన్నాను. కంపెనీ వాళ్లు ఇంటివాళ్లకు ప్యాకెట్లు ఇవ్వరా అని మొదలుపెట్టారు. నేను హోల్‌సేల్ దుకాణంలో అరకిలో ప్యాకెట్లు కట్టగా తెచ్చి, 'మా స్రవ్య పంపింది' అని గడప గడపకూ పంచాను. ఒకసారి ఎల్లమ్మ కొంగు చూపించి, "బిడ్డకు చెప్పు, గీ పొడికి పసుపు మరక పోతలేదు, కంపెనీల మాట్లాడుమను," అని ఫిర్యాదు చేసింది. చెబుతానన్నాను. మిగిలిన ప్యాకెట్లే ఆ పదకొండు.

మన చుట్టాల వాట్సాప్ గ్రూపులో నీ ఫోటోలు పెట్టవద్దని నేను చెప్పినప్పుడు, దిష్టి తగులుతుందని అన్నాను, గుర్తుందా? దిష్టి కాదు. తడిబట్టల్లో బోర్డు మీద వంగి నిలబడ్డ నిన్ను మన వాళ్లు చూస్తారని. నాకు సిగ్గు అనిపించింది. ఇప్పుడు ఆ సిగ్గు మీద సిగ్గు అనిపిస్తోంది. రెండింటిలో ఏది బరువో నన్ను అడగకు.

వేరే ఏ తల్లైనా ఈ పని చేస్తే సరే అనుకోవచ్చు. నేను చేయకూడదు. నీకు ఎనిమిదేళ్లప్పుడు మీ నాన్న కాలు విరిగి మంచాన పడితే ఈ వ్యాను నేను పట్టాను. పత్తర్‌గట్టి నుంచి నయాపూల్ దాకా చాయ్ హోటళ్లన్నిటికీ పాలు నేనే వేశాను. చీర కుచ్చిళ్లు బొడ్లో దోపి స్టీరింగు వెనక కూర్చుంటే ఎన్ని మాటలన్నారో నీకు తెలియదు, నువ్వు వెనక క్యాన్ల మధ్య ఉండేదానివి. "ఆడది తోల్తే పాలు మజ్జిగైతయ్," అన్నాడొకడు. మన ఇంటి ముందరే ఉమ్మేసి పోయినవాడూ ఉన్నాడు.

అప్పుడు మీ నానమ్మ ఏం చేసిందో తెలుసా? నెల రోజులు నా పక్క సీట్లో కూర్చుంది. ప్రతి హోటల్ దగ్గరా బండి ఆగగానే కిందికి దిగి, గల్లా మీద కూర్చున్నవాడి ఎదురుగా నిలబడి, "ఇది నా కోడలు. ఇగ నుంచి పాలు గీమెనే తెస్తది. ఇరిగితే నన్నడుగు," అని చెప్పేది. ఎవరూ అడగకముందే చెప్పేది. అడిగినా నేను నీ గురించి చెప్పలేకపోయాను.

నన్ను అన్న మాటలు నిన్ను కూడా అంటారని భయపడ్డానని నీకు రాయొచ్చు. రాస్తే నువ్వు నమ్ముతావు కూడా. అది సగమే నిజం. నన్ను మళ్లీ అంటారని భయపడ్డాను. ఎన్నో ఏళ్లకు నోళ్లు మూతపడ్డాయి, మళ్లీ తెరుచుకోవద్దని అనుకున్నాను.

ఇప్పుడు రంగు సంగతి. మన గల్లీ చివర షట్టర్ల మీద పేర్లు రాసే కొండల్ ఉన్నాడు కదా, నీ స్కూలు పెట్టె మీద పేరు రాసినవాడు. రంగు వేయమని అతన్ని పిలిచాను. "పేరు నాకిడిచిపెట్టక్కా. నువ్వు చూస్తే కండ్లల్ల నీళ్లు తిరుగుతయ్," అన్నాడు. నాలుగు రోజులు పరదా కట్టుకొని పని చేశాడు. నన్ను రానివ్వలేదు. గల్లీ వాళ్లకు మాత్రం ఒక్కొక్కరికీ చెవిలో చెప్పుకున్నాడట. మొన్న గురువారం సాయంత్రం బండికి కొబ్బరికాయ కొడదామని నానమ్మను ఆటోలో షెడ్డుకు తీసుకొని పోయేసరికి, ఎల్లమ్మతో సహా పాతికమంది అక్కడ ఉన్నారు. మొయిన్ భాయ్ నానమ్మకు కుర్చీ వేశాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. కొండల్ పరదా లాగాడు.

నీలం రంగు చక్కగా కుదిరింది, అది ముందు చెబుతాను. ఆ నీలం మీద మనిషెత్తు బకెట్. బకెట్‌లోంచి బండి కప్పుదాకా పొంగిన తెల్లటి నురగ. నురగ పైన తళతళలాడుతూ ఎగిరే తెల్ల అంగీ. కింద పసుపు అక్షరాలతో 'స్రవ్య సర్ఫ్ - మన బస్తీ బిడ్డ' అని రాసి ఉంది.

అందరూ చప్పట్లు కొట్టారు. "గిది కంపెనోళ్లు చూడాలె, ప్రమోషన్ ఖాయం," అంది ఎల్లమ్మ. కొండల్ నా ముఖం చూస్తున్నాడు, నీళ్లు తిరుగుతాయేమోనని. తిరిగాయి. అతను సంతోషం అనుకున్నాడు.

నేను అప్పటికీ నోరు తెరవలేదు స్రవ్యా. బండి నీ దగ్గరికి చేరేలోపు దారిలో ఎక్కడైనా రంగు మార్పిద్దామని లెక్క వేసుకుంటూ కుంకుమ గిన్నె పట్టుకొని నిలబడ్డాను. అప్పుడు మొయిన్ భాయ్ దగ్గరికి వచ్చి ఖాళీ పాల కవరులో చుట్టిన కాగితం ఒకటి నా ముందు పెట్టాడు.

"డ్రైవర్ సీటు ఇప్పినప్పుడు కింద దొరికింది బెహన్. నాకు తెలుగు సదవరాదు. ఫోటో చూసిన. మన బిడ్డనే కదా?"

ఇక్కడ ఆగి, ఆ కాగితం సంగతి నీకు చెప్పాలి. ఇప్పటిదాకా రాసినదంతా దీనికోసమే. ఇంతవరకు రాసింది చదివి నువ్వు నవ్వుకున్నా నవ్వుకొని ఉంటావు. ఇది నవ్వే విషయం కాదు.

పోయిన జనవరిలో నీకు పోటీలో పతకం వచ్చి పేపరులో ఫోటో పడిందని ఫోన్ చేశావు. చూశావా అమ్మా అన్నావు. ఆ రోజు మన గల్లీకి పేపరు రాలేదన్నాను. వచ్చింది. నీ ఫోన్ కంటే ముందే వచ్చింది. ఎల్లమ్మ చాయ్ హోటల్‌లో ఆ ఫోటో చూసి, పేపరు అడిగి తీసుకొని పరుగున మన గడపలోకి వచ్చింది. ఆమెకు చదువు రాదు కదా.

"లలితా, గీ పిల్ల మన స్రవ్య లెక్కనే ఉన్నది. జర సదువు, ఏం రాసిర్రో."

నీ ఫోటో నా చేతిలో ఉంది. కింద నీ పేరు, ఇంటిపేరుతో సహా ఉంది. నేను పేపరు దగ్గరికి పట్టుకొని, వరుస మీద వేలు పెట్టి మరీ చదివాను, "చెన్నై పట్టణానికి చెందిన ఒక అమ్మాయి" అని. లేని మాటలు వేలు పెట్టి చదివాను. చదువు రాని మనిషి నన్ను నమ్మి కాగితం చేతికిస్తే, ఆమె కళ్లముందే నా కన్నబిడ్డను కాదన్నాను.

"గట్లనా. నేను మన పిల్లనే అనుకొని ఉరికొచ్చిన," అని ఎల్లమ్మ చిన్నబోయింది. అల్మారాలో పరచుకుంటానని ఆ పేపరు నేను ఉంచుకున్నాను. హెడ్డింగు, ఫోటో కింది పేరు తప్ప లోపల ఒక్క వరుస చదవలేదు. చదివే ధైర్యం లేక పాల కవరులో చుట్టి వ్యాను సీటు కింద తోశాను. అప్పటికి బండి నడవడం మానేసి రెండేళ్లు. అందులోకి ఎవరూ చూడరనుకున్నాను. మొన్నటి నీ ఉత్తరం అడుగున, 'జనవరి పేపరు నీకు దొరకలేదు కదా, నా దగ్గరున్న దాన్ని వ్యానులో నీ సీటు పక్కన అంటిస్తాను' అని రాశావు. ఆ వాక్యం చదివి నేను అన్నం తినలేకపోయాను.

షెడ్డులో నానమ్మ చేయి చాచి ఆ కాగితం తీసుకుంది. కళ్లకు దూరంగా పట్టుకొని ఫోటో చూసింది. తర్వాత నన్ను చూసింది.

"దాచినవా, దాచుకున్నవా?"

పెద్దగా కూడా అడగలేదు. ఆ రెండు మాటలకూ ఉన్న తేడా నీకు వేరే చెప్పాలా? దాచుకున్నానని అనొచ్చు. పారేయలేదు కదా, కవరులో భద్రంగా చుట్టాను కదా అని నాకు నేనే చెప్పుకోవచ్చు. ఆమె కళ్లలోకి చూస్తే ఆ మాట రాలేదు.

"దాచిన," అన్నాను.

కొండల్ ఆ కాగితం అందుకున్నాడు. అక్షరం కనబడితే చదవకుండా ఉండలేడు, అది అతని వృత్తి. అందరికీ వినబడేటట్టు చదివాడు. నీ పేరు, ఫలక్‌నుమా, పతకం. తర్వాత ఇది, "అలల మీద నిలబడటం ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడిగితే స్రవ్య నవ్వింది. 'మా అమ్మ పాల వ్యానులో. ఆమె నడిపేది. నేను వెనక క్యాన్ల మధ్య ఏదీ పట్టుకోకుండా నిలబడేదాన్ని. ఊళ్లో వాళ్లు ఏమన్నా ఆమె బండి ఆపలేదు. నేను చెప్పుకోవడానికి గర్వపడే డ్రైవరు మా అమ్మే.'"

స్టేషన్‌లో రైలు వచ్చి ఆగిన చప్పుడు వినబడింది. నువ్వు అందరికీ చెప్పుకున్న మనిషి నిన్ను ఎవరికీ చెప్పుకోలేదు. కుంకుమ గిన్నె చేతిలోనే ఉంది, ఎవరికి బొట్టు పెట్టాలో తెలియలేదు.

ముందు ఎల్లమ్మ కదిలింది. "జనవరిల నువ్వు నాకు గిది సదవలే," అంది. "నాకు వేరే సదివినవ్." కొబ్బరి ముక్క తీసుకోకుండా వెళ్లిపోయింది. ఆమె వెనకే ఇంకొందరు పోయారు. కొండల్ కూలబడి తన బకెట్ వైపు చూస్తూ, "నాలుగు దినాలు కష్టపడ్డ కదక్కా. ఒక్క మాట చెప్తే ఏమైతుండె?" అన్నాడు. అప్పుడు చెప్పాను. బోనాల నాటి 'ఆ' దగ్గర మొదలుపెట్టి, ప్యాకెట్ల దాకా, పేపరు దాకా, ఉన్నవాళ్లందరి ముందూ చెప్పాను. నానమ్మ ఒక్కసారి కూడా అడ్డు రాలేదు, వెనకేసుకురాలేదు. ఇంటికి వచ్చాక ఆటో దిగుతూ మాత్రం అంది, "నేను నెల దినాలు నీ పక్కన గూసున్న. నువ్వు నీ బిడ్డ పక్కన ఒక్క దినం గూసోలే."

ఆటోవాడికి డబ్బులిచ్చి, ఆమెను చేయి పట్టుకొని గడప దాటించాను బిడ్డా.

శుక్రవారం నేను ఎల్లమ్మ ఇంటికి పోయాను. గుమ్మంలోనే కూర్చొని ఆ పేపరు మళ్లీ చదివాను, ఈసారి ఉన్నది ఉన్నట్టు, వేలు పెట్టి. ఆమె బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా వింది. అయిపోయాక "మల్లొక్కసారి సదువు," అంది. చదివాను. "సముద్రం మీద నిలబడ్తదా? మన స్రవ్యనా?" అని తనలో తానే అనుకుంది. తర్వాత నా వైపు తిరిగి, "సదువు రాదని నన్ను మోసం జేసినవ్ లలితా. గది మర్వనీకి నాకు జర టైం పడ్తది. గా పొడి మాత్రం ఇగ తేకు. ఒట్టి మన్ను," అంది. ఇంకా మన ఇంటికి రాలేదు. పిలిచే హక్కు నాకూ లేదు.

కొండల్ మాత్రం శనివారం పొద్దున్నే కుంచెలు పట్టుకొని షెడ్డుకు వచ్చాడు. అంతా గీకేసి కొత్తగా వేయమన్నాను. "ఎందుకక్కా? నురుగు నురుగే కదా," అన్నాడు. బకెట్ ఒక్కటి తీసేసి అక్కడ పెద్ద అల గీశాడు. సబ్బు నురగ అల నురగ అయిపోయింది. ఎగిరే తెల్ల అంగీని అట్లాగే ఉంచి, పేపరులో ఫోటో చూసుకుంటూ దాని లోపల నిన్ను నిలబెట్టాడు. కాళ్ల కింద బోర్డు పెట్టాడు. ముక్కు కొంచెం నీది కాదు, అతని భార్యది, సర్దుకో. పేరు ఏం రాయాలని అడిగాడు. 'స్రవ్య' అని ఒక్కటి ఉంచి, మిగతాది చెరిపేయమన్నాను. 'మన బస్తీ బిడ్డ' అన్నది చెరపనన్నాడు. "గది నీది కాదక్కా చెరపనీకి, మాది," అన్నాడు.

ఈరోజు పొద్దున బండి నడుస్తుందో లేదో చూద్దామని పత్తర్‌గట్టి దాకా పోయి వచ్చాను. పాత హోటల్ ముందు ఆపితే గల్లా మీది ముసలాయన బయటికి వచ్చి బొమ్మ చూశాడు. "ఏ కౌన్ హై, లలితమ్మా?" అని అడిగాడు. మీ నానమ్మ లాగా అడగకముందే దిగి చెబుదామనుకున్నాను, సీటు బెల్టు తీసేలోపే ఆయన అడిగేశాడు. "మేరీ బేటీ," అన్నాను. ఒక్కసారి చెప్పినంత మాత్రాన నాలుగేళ్లు చెల్లిపోవని నాకు తెలుసు.

ఇప్పుడు నాలుగో ప్రశ్న. నువ్వు అడిగినప్పుడు నీకు ఇవేవీ తెలియవు. గర్వపడే డ్రైవరును అడిగావు. ఆమె నేను కాదేమోనని చెప్పడానికే ఇంత రాశాను. వ్యాను సిద్ధంగా ఉంది. అది నీది, నేను వచ్చినా రాకపోయినా వస్తుంది. ఈ కవరులో ఒక తాళం పెడుతున్నాను. నన్ను రావద్దనుకుంటే ఫోన్ కూడా చేయకు, ఏ సంజాయిషీ రాయకు. డిసెంబరు ఐదు దాకా చూస్తాను. ఆరున మొయిన్ భాయ్ తానే బండి తెచ్చి నీకు అప్పజెబుతానన్నాడు. ఆయనకు సముద్రం చూడాలని ఉంది. నన్ను రమ్మంటే మాత్రం ఫోన్ చేసి ఒక్క 'ఆ' అను. ఇంకో తాళం నా కొంగుకు కట్టుకొనే ఉన్నాను.

జనవరి పేపరు కూడా ఇందులోనే ఉంది. సీటు పక్కన అంటిస్తే నీ దగ్గరున్న శుభ్రమైన కాగితం అంటించకు, నా మడతల కాగితం అంటించు. ఆ సీట్లో ఎవరు కూర్చున్నా సరే, ఆ మడతలు కనబడాలి.

పూజితకు నా దీవెనలు. ఈ ఉత్తరం ఆమెకు చదివి వినిపిస్తే నేను ఏమీ అనుకోను, ఉన్నది ఉన్నట్టు చదువు. చదివాక పారేయాలనిపిస్తే పారేయి. దాచుకోవాలనిపిస్తే దాచుకో. దాచకు మాత్రం.

ఇట్లు,
అలల మీద నిలబడే స్రవ్యను కన్న తల్లి,
లలిత